పాట ఫోన్‌లోనే ఉంది, వెతికితే దొరకదు

ఒక సినిమా పాటలు ఏడూ ఫోన్‌లోకి ఎక్కించి ప్లేయర్ తెరిస్తే, ఒక ఆల్బమ్ ఉండాల్సిన చోట ఐదు కనిపిస్తాయి. ఘంటసాల పాటలన్నీ వరసగా విందామంటే ఆయన పేరే మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది. ఇంకో పాటకి పేరే లేదు, ‘ట్రాక్ 07’ అంటుంది. ఇలాంటప్పుడు చాలామంది ప్లేయర్ యాప్ మార్చి చూస్తారు, తర్వాత ఫోన్‌ని తిట్టుకుంటారు. తప్పు ఆ రెంటిలోనూ లేదు. ఆవకాయ జాడీకి మాగాయ చీటీ అంటిస్తే జాడీ ఏం చేస్తుంది?

ఆ చీటీ పేరు ట్యాగ్. ఎంపీ3 ఫైల్‌లో పాటతో పాటు ఒక చిన్న అర ఉంటుంది. పాట పేరు, పాడినవాళ్లు, సినిమా, సంవత్సరం, అట్టబొమ్మ అన్నీ అందులోనే. దాన్ని ఐడీ3 ట్యాగ్ అంటారు. ఫ్లాక్, ఎం4ఏ అనే వేరే రకాల పాట ఫైళ్లలోనూ ఇలాంటి అరే ఉంటుంది, పద్ధతి కొంచెం వేరు. ప్లేయర్ మీకు చూపించేది ఈ అరలో ఉన్నదే కానీ ఫైల్ పేరు కాదు. అందుకే ఫైల్ మేనేజర్‌లో పేరు ఎంత చక్కగా మార్చినా ప్లేయర్‌లో పాతదే వెక్కిరిస్తూ కనబడుతుంది. ట్యాగ్ ఖాళీగా ఉంటే మాత్రమే చాలా ప్లేయర్లు ఫైల్ పేరు వాడుకుంటాయి.

ఆండ్రాయిడ్‌లో ఇంకో మెలిక ఉంది. ఫోన్ తనలోని పాటలన్నిటికీ ఒక పట్టీ రాసుకుని పెట్టుకుంటుంది. చాలా ప్లేయర్లు ఆ పట్టీనే చదువుతాయి. ట్యాగ్ దిద్దిన వెంటనే మార్పు కనిపించకపోతే దిద్దింది పోయిందని కంగారు పడక్కర్లేదు. ప్లేయర్ సెట్టింగ్స్‌లో రీస్కాన్ నొక్కితే, లేదా ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేస్తే పట్టీ కొత్తగా తయారవుతుంది. ఏదైనా ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘.నోమీడియా’ అనే ఖాళీ ఫైల్ ఉంటే (అసలు పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉంటుంది) ఆ ఫోల్డర్ జోలికి పట్టీ వెళ్లదు. కాల్ రికార్డింగులు పాటల మధ్య దూరకుండా ఆపడానికి ఇది మంచి ఉపాయం. పాటల ఫోల్డర్ మొత్తం మాయమైతే మొదట అనుమానించాల్సిందీ దీన్నే.

మన సినిమా పాట ఆ అరల్లో ఎందుకు ఇమడదు

ఐడీ3 ట్యాగ్ 1996లో మొదలైంది. పాశ్చాత్య దేశాల ఆల్బమ్‌లో ఒక గాయకుడో ఒక బ్యాండో మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఉంటారు. అరలు ఆ లెక్కకే సరిపోతాయి. మన సినిమాలో సంగీత దర్శకుడు ఒకరు, పాడేవాళ్లు ఆరుగురు, రాసేవాళ్లు ముగ్గురు. యుగళగీతంలో ఇద్దరి పేర్లు, ఆ పక్క పాటలో ఒక్కరి పేరే. ఆల్బమ్ పేరు ఒకటే అయినా ఆర్టిస్ట్ పేరు మారితే కొన్ని ప్లేయర్లు అది వేరే ఆల్బమ్ అనుకుంటాయి. ఇంటిపేరు కలవనివాళ్లని వేరే బంతిలో కూర్చోబెట్టినట్టు.

దీనికి మందు ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అనే అర. ఎక్కువ ఫైళ్లలో ఇది ఖాళీగా ఉంటుంది. ఒక సినిమా పాటలన్నిటికీ ఆల్బమ్ ఆర్టిస్ట్‌గా సంగీత దర్శకుడి పేరు పెడితే ముక్కలైన ఆల్బమ్ ఒక్కటవుతుంది. పాడినవాళ్ల పేర్లు ‘ఆర్టిస్ట్’ అరలో, సంగీత దర్శకుడి పేరు ‘కంపోజర్’ అరలో కూడా. ఫలానావారి హిట్స్ లాంటి సంకలనాలైతే ఆల్బమ్ ఆర్టిస్ట్ దగ్గర ‘వివిధ గాయకులు’ అని రాస్తే సరి.

ఈ పని కంప్యూటర్ మీద చేస్తే పదోవంతు టైమ్ పడుతుంది. ట్యాగులు దిద్దే ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్ విండోస్‌లో ఉచితం. లినక్స్‌లో, మ్యాక్‌లో అలాంటిదే కిడ్3 ఉంది. ఎంపీ3ట్యాగ్‌లో సినిమా ఫోల్డర్ తెరిచి, కంట్రోల్+ఏ నొక్కి పాటలన్నీ ఎంచుకోండి. ఎడమ పక్క గడుల్లో ఆల్బమ్, ఆల్బమ్ ఆర్టిస్ట్, కంపోజర్, సంవత్సరం మాత్రమే నింపి, కంట్రోల్+ఎస్ నొక్కండి. మిగతా గడుల్లో ‘కీప్’ అని కనిపిస్తే ముట్టుకోవద్దు, ఒక్కో పాటకి ఉన్నది అలాగే ఉంచు అని దాని అర్థం. పొరపాటున అక్కడ పాట పేరు టైప్ చేసి సేవ్ చేస్తే ఏడు పాటలకీ అదే పేరు పడుతుంది. ఈ తప్పు ప్రతివాళ్లూ ఒకసారి చేస్తారు కాబట్టి ముందే ఫోల్డర్‌కి కాపీ తీసుకోవడం మంచిది. కంప్యూటర్ లేకపోతే మ్యుజికోలెట్ లాంటి ప్లేయర్‌లో ఫోన్ మీదే ట్యాగ్ దిద్దవచ్చు.

పేర్లు కలిసే సినిమాలతో ఇంకో చిక్కు. ‘దేవదాసు’ అంటే 1953 నాటిదీ ఉంది, 2006 నాటిదీ ఉంది. ఆల్బమ్ ఆర్టిస్ట్ ఖాళీగా ఉంటే కొన్ని ప్లేయర్లు సుబ్బురామన్ బాణీల పక్కనే చక్రి బాణీలు పేర్చేస్తాయి. ఆల్బమ్ పేరులోనే ‘దేవదాసు (1953)’ అని సంవత్సరం కలిపేస్తే ఏ ప్లేయర్‌లోనైనా విడిగా ఉంటాయి. మన దగ్గర పాత పేర్లు మళ్లీ పెట్టుకోవడం మామూలే కాబట్టి, అన్ని సినిమాలకీ సంవత్సరం రాసేయడం అలవాటు చేసుకుంటే మంచిది.

గాయకుల పేర్ల సంగతి ఇంకా గందరగోళం. బాలు పేరు ఒక ఫైల్‌లో ఎస్పీబీ, ఇంకోదాంట్లో ఎస్.పి. బాలు, వేరేదాంట్లో పూర్తి పేరు. ఆ పూర్తి పేరూ ఇంగ్లిష్ అక్షరాల్లో ‘సుబ్రహ్మణ్యం’ ఒకరకం, ‘సుబ్రమణియం’ ఇంకోరకం. ప్లేయర్‌కి ఇవన్నీ వేర్వేరు మనుషులు. పేరు చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి ఉన్నా కొన్ని ప్లేయర్లు ఇంకో మనిషిని పుట్టిస్తాయి. ఎంపీ3ట్యాగ్‌లో ఆర్టిస్ట్ అనే నిలువు వరస శీర్షిక మీద నొక్కితే పేర్లు అక్షరక్రమంలో వస్తాయి, రకరకాల స్పెల్లింగులు పక్కపక్కనే దొరికిపోతాయి. వాటిని కలిపి ఎంచుకుని ఒకే పేరు పెట్టేయడమే. యుగళగీతాల్లో రెండు పేర్ల మధ్య సెమికోలన్ పెట్టి, ప్లేయర్ సెట్టింగ్స్‌లో దాన్ని విభజన గుర్తుగా ఎంచుకుంటే ఆ పాట ఇద్దరి కిందా కనిపిస్తుంది. ఈ సౌకర్యం అన్ని ప్లేయర్లలో లేదు.

ఇక రచయితలు. వేటూరి పాటలు, సిరివెన్నెల పాటలు అని వినే అలవాటు మనకి ఎక్కువ. ట్యాగ్‌లో గీత రచయితకి అర ఉంది కానీ దాని ప్రకారం పాటలు చూపించే ప్లేయర్లు అరుదు. దాదాపు ప్రతి ప్లేయర్‌లోనూ ఉండి, మనకి పెద్దగా పనికిరాని అర ‘జానర్’, అంటే పాట ఏ రకమో రాసేది. డౌన్‌లోడ్ చేసిన చాలా ఫైళ్లలో అక్కడ ‘తెలుగు’ అనో ‘ఇండియన్’ అనో ఉంటుంది. దాన్ని చెరిపేసి ‘వేటూరి’, ‘ఆత్రేయ’, ‘సిరివెన్నెల’ అని రాసుకుంటే రచయితల పట్టిక చేతికొస్తుంది. నియమాలకి విరుద్ధమే, అయినా పాటలు మీవి. అన్నమయ్య, త్యాగరాజు కృతులకైతే జానర్‌లో రాగం పేరు పెట్టుకోవచ్చు. ఒకే కృతి పదిమంది పాడినప్పుడు ఎవరిది ఏదో తెలియడానికి పాట పేరు చివర గాయని పేరో గాయకుడి పేరో చేర్చక తప్పదు.

డబ్బాలు, ప్రశ్నార్థకాలు, పిచ్చి అక్షరాలు

పాట పేరు తెలుగులో రాస్తే మూడు రకాల జబ్బులు వస్తాయి. మూడూ ఒకటే అనుకుని ట్యాగులన్నీ చెరిపేసి మళ్లీ రాసేవాళ్లున్నారు. దేని వైద్యం దానిదే.

అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే ట్యాగ్ చక్కగానే ఉంది. ఆ పరికరంలో తెలుగు ఫాంట్ లేదు, అంతే. ఫోన్లలో ఇది ఇప్పుడు దాదాపు లేదు, కారు స్టీరియోల్లో మాత్రం మామూలు. కొన్నిట్లో అక్షరాలు వస్తాయి కానీ గుణింతాలూ వత్తులూ విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. ట్యాగ్ వైపు నుంచి దీనికి మందు లేదు.

తలమీద గీతలున్న ఇంగ్లిష్ ‘ఏ’ అక్షరాలు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు వరసగా కనిపిస్తే, అది యూటీఎఫ్-8లో (అక్షరాలని అంకెలుగా దాచే ఒక పద్ధతి) రాసిన తెలుగుని ఎవరో లాటిన్ లిపిగా చదివారని గుర్తు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. అందులో మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండో బైటు రెండు విలువల్లో ఒకటి. లాటిన్‌లో చదివితే మొదటిది గీత ‘ఏ’, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో అవుతుంది. అందుకే ప్రతిసారీ అవే కనబడతాయి. సమాచారం ఇంకా లోపలే ఉంది కాబట్టి ఇది నయమయ్యే జబ్బు. ఎంపీ3ట్యాగ్‌లో కోడ్‌పేజీ మార్చే ఆదేశంతో యూటీఎఫ్-8గా మళ్లీ చదివిస్తే చాలావరకు తిరిగొస్తుంది.

అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే ఆశ వదులుకోవాలి. ట్యాగ్ రాసిన సాఫ్ట్‌వేర్‌కి తెలుగు తెలియక ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం రాసేసింది. అసలు పేరు పోయింది, మళ్లీ టైప్ చేయడమే.

ఇంతకీ ఇవి ఎందుకొస్తాయంటే, తొలి ఐడీ3 ట్యాగ్ మొత్తం 128 బైట్లు, అందులో పాట పేరుకి 30 బైట్లే. గుణింతం గుర్తు, పొల్లు, వత్తు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ‘నిన్ను’ అన్న రెండక్షరాల మాటకే 18 బైట్లు అవుతాయి. ఆ అరలో తెలుగు పల్లవి పట్టే ప్రసక్తే లేదు. తర్వాత వచ్చిన 2.3 రకం యూటీఎఫ్-16ని, 2000లో వచ్చిన 2.4 రకం యూటీఎఫ్-8ని కూడా ఒప్పుకున్నాయి. ఎంపీ3ట్యాగ్ ఆప్షన్స్‌లో ట్యాగ్స్, ఎంపెగ్ దగ్గర 2.3 యూటీఎఫ్-16 ఎంచుకోండి. పాత పరికరాలు కూడా ఎక్కువగా చదవగలిగేది అదే. తొలి రకం ట్యాగ్ రాయొద్దని అక్కడే చెప్పవచ్చు.

అయితే తెలుగులో రాయాలా, ఇంగ్లిష్ అక్షరాల్లోనా? మీరు వెతికేటప్పుడు ఏ కీబోర్డ్ వాడతారో ఆ లిపిలోనే పాట పేరు ఉండాలి. తెలుగులో ఉన్న పేరు ఇంగ్లిష్ అక్షరాలతో వెతికితే దొరకదు. కారులో కూడా వినే పాటలైతే ఇంగ్లిష్ లిపే నయం.

కారు మాట వచ్చింది కాబట్టి: పెన్‌డ్రైవ్‌ని ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేస్తే దాదాపు అన్ని స్టీరియోలూ చదువుతాయి. కొన్ని స్టీరియోలు పేర్ల వరసని పట్టించుకోకుండా, ఏ ఫైల్ ముందు కాపీ అయిందో అది ముందు పాడతాయి. ఫైళ్ల పేర్ల ముందు 01, 02 అని పెట్టినా వరస తప్పుతుంటే కారణం ఇదే. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, ఒక్కో ఫోల్డర్‌నీ కావలసిన వరసలో మళ్లీ కాపీ చేయాలి.

320 అని రాసి ఉన్నంత మాత్రాన

లెక్క సులువు. ఐదు నిమిషాల పాట 128 కేబీపీఎస్‌లో (అంటే సెకనుకి 128 వేల బిట్లు) 4.8 ఎంబీ, 320లో 12 ఎంబీ. సీడీలో ఉన్నది ఉన్నట్టు అయితే సుమారు 53 ఎంబీ, దాన్నే ఫ్లాక్‌గా కుదిస్తే నాణ్యత పోకుండా దాదాపు సగం నుంచి మూడింట రెండొంతులకి వస్తుంది. 64 జీబీ కార్డులో 320 రకం పాటలు ఐదు వేల పైచిలుకు పడతాయి.

చిక్కల్లా ఆ 320 అసలుదా కాదా అన్నదే. కుదించినప్పుడు ఒకసారి పోయిన ధ్వని, ఫైల్‌ని పెద్దది చేస్తే తిరిగి రాదు. నీళ్లు కలిపిన పాలని పెద్ద గిన్నెలో పోసినట్టే. యూట్యూబ్‌లో వినిపించే ధ్వని మామూలుగా 128 నుంచి 160 కేబీపీఎస్ మధ్య ఉంటుంది. దాన్నుంచి 320 ఎంపీ3 చేసిస్తామనే సైట్లు ఇచ్చేది పెద్ద సైజు ఫైలే. కంప్యూటర్‌లో స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట తెరిస్తే ధ్వని చిత్రం కనిపిస్తుంది. 128 నుంచి పెంచిన పాటలో 16, 17 వేల హెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు తెగిపోతుంది. అసలు 320 అయితే 20 వేల దాకా వెళ్తుంది. పాత పాటలకి ఈ పరీక్ష పనికిరాదు. 1950ల రికార్డింగుల్లో 10 వేల హెర్ట్జ్ పైన పాటకి చెందిన ధ్వని ఎలాగూ పెద్దగా ఉండదు, ఉన్నది గరగర. అలాంటి మోనో పాటని 320లో దాచుకోవడం చోటు దండగ, 128 చాలు.

పాత పాటలతో అసలు ఇబ్బంది వేరే: శబ్దం స్థాయి. ఘంటసాల పాట వినబడటం లేదని వాల్యూమ్ పెంచుతాం, తర్వాతి పాట ఈమధ్యదైతే చెవులు గుయ్యిమంటాయి. కొత్త పాటలని మాస్టరింగ్ దశలోనే గట్టిగా నొక్కి పెడతారు. కంప్యూటర్‌లో ఫూబార్2000 అనే ప్లేయర్‌లో పాటలన్నీ ఎంచుకుని రీప్లేగెయిన్ స్కాన్ చేస్తే, ఒక్కో పాటా ఎంత తగ్గించాలో ఎంత పెంచాలో ట్యాగ్‌లో రాసి పెడుతుంది. పాట ముట్టుకోదు. పవర్‌యాంప్ లాంటి ప్లేయర్లు ఆ అంకె చదివి సర్దుతాయి. కలగాపులగంగా వినేవాళ్లు ట్రాక్ గెయిన్, ఒక్క ఆల్బమ్ వరసగా వినేవాళ్లు ఆల్బమ్ గెయిన్ ఎంచుకోవాలి.

ఈక్వలైజర్‌లో బేస్ పెంచేటప్పుడు ప్రీయాంప్‌ని (మొత్తం శబ్దం స్థాయి మార్చే మీట) అంతే డెసిబెల్స్ తగ్గించండి. లేకపోతే గట్టి చోట్ల గొంతు చిట్లుతుంది. పాత పాటలకి బేస్ పెంచితే మృదంగం కన్నా ముందు రికార్డింగ్‌లో దాగిన గుంయ్ శబ్దం లేస్తుంది. క్యాసెట్ నుంచి ఎక్కించిన పాట ఒక్క చెవిలోనే వినిపిస్తుంటే ఇయర్‌ఫోన్ పారేయకండి. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే రెండు చెవులకీ వస్తుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకి పాట వెళ్లేటప్పుడు మళ్లీ ఒకసారి కుదింపు జరుగుతుంది. అన్ని పరికరాలకీ తెలిసిన ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతిలో గరిష్ఠంగా మామూలుగా 328 కేబీపీఎస్, ఎల్‌డ్యాక్‌లో 330, 660 లేదా 990. ఐఫోన్ ఏఏసీ, ఎస్‌బీసీ పద్ధతుల్లో మాత్రమే పంపుతుంది. కాబట్టి చవక బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో ఫ్లాక్ వినడం వల్ల కార్డు నిండటమే తప్ప ఒరిగేది తక్కువ. కాల్ మాట్లాడేటప్పుడో, మైకు వాడే యాప్ తెరిచి ఉన్నప్పుడో పాట పాత ల్యాండ్‌లైన్‌లో వచ్చినట్టు వినిపిస్తే, బ్లూటూత్ కాల్ పద్ధతిలోకి మారిందన్నమాట. ఆ యాప్ మూసేస్తే సరిపోతుంది.

మీవి కాని డౌన్‌లోడ్లు

స్ట్రీమింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ నొక్కిన పాట ఫోన్‌లో ఉంటుంది, ఫైల్ మేనేజర్‌లో దొరకదు. తాళం వేసి పెడతారు, ఆ యాప్ మాత్రమే తీయగలదు. స్పాటిఫైలో అయితే డౌన్‌లోడ్లు నిలవాలంటే 30 రోజులకి ఒకసారైనా నెట్‌కి కలవాలి. చందా ఆగితే అవీ ఆగుతాయి. యాప్ మూతపడితే చెప్పేదేముంది? మన దేశంలో రెస్సో, వింక్ రెండూ 2024లో మూతపడ్డాయి. కంపెనీకీ సేవకీ ఒప్పందం చెడితే పాట ఒక్కరోజులో పట్టికలోంచి లేచిపోతుంది. తెలుగు పాత పాటల హక్కులు కొద్ది కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి పోతే ఒకటి కాదు, గంపగుత్తగా పోతాయి.

కొత్త పాటలకి స్ట్రీమింగ్ హాయే. డేటా గురించి భయం అక్కర్లేదు: 160 కేబీపీఎస్‌లో గంటకి 72 ఎంబీ, 320లో 144 ఎంబీ. రోజుకి 1.5 జీబీ ప్లాన్ ఉన్నవాళ్లు మొదటి రకంలో 20 గంటలు వినొచ్చు. అదే పాటని వీడియోగా పెట్టి జేబులో వేసుకుంటే బొమ్మకి కూడా డేటా కడుతున్నట్టే. జీవితాంతం వినే వంద పాటలుంటే వాటిని మాత్రం కొనుక్కునో, ఇంట్లో ఉన్న సీడీల నుంచి ఎక్కించుకునో సొంత ఫైళ్లుగా పెట్టుకోవాలి.

ఫోన్ మారేటప్పుడు

ఫైళ్లు కాపీ చేస్తే పాటలొస్తాయి, ప్లేలిస్టులు రావు. అవి ప్లేయర్ సొంత ఖాతాలో ఉంటాయి. పాత ఫోన్‌లోనే ప్లేయర్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఎం3యూ8 రకం ఫైల్‌గా బయటికి తీయండి. చివరి 8 యూటీఎఫ్-8కి గుర్తు, తెలుగు ఫైల్ పేర్లుంటే అది తప్పనిసరి. ఆ ఫైల్‌లో ఉండేవి పాటలు కావు, పాటల చిరునామాలు. ఎస్‌డీ కార్డులోని పాటల చిరునామాలో కార్డు సంఖ్య కూడా ఉంటుంది. కార్డు మారితే సంఖ్య మారి, ప్లేలిస్ట్ తెరుచుకుంటుంది కానీ ఒక్క పాటా పలకదు. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి పాత సంఖ్య ఉన్న చోటల్లా కొత్తది పెడితే లేచి కూర్చుంటుంది. కార్డుని ఫోన్‌లో పెట్టినప్పుడు ‘పోర్టబుల్’ అనే ఎంచుకోండి. ‘ఇంటర్నల్’ అంటే అది ఆ ఒక్క ఫోన్‌కే చదవబడేలా తాళం పడుతుంది, ఫోన్ పాడైతే కార్డులోని పాటలూ దానితో పోయినట్టే.

కాపీ మధ్యలో ఆగిపోతుంటే ఆ ఫైల్ పేరులో ప్రశ్నార్థకమో, కోలనో, కొటేషన్ గుర్తో ఉందేమో చూడండి. విండోస్, ఎస్‌డీ కార్డు ఫార్మాట్లు వాటిని ఒప్పుకోవు. మన పల్లవుల్లో ప్రశ్నలకి కొదవ లేదు కదా. గుర్తు ఫైల్ పేరులోంచి తీసేయండి, ట్యాగ్‌లో మాత్రం నిక్షేపంగా ఉంచుకోవచ్చు.

కొత్త ఫోన్‌లో స్క్రీన్ ఆరిన కాసేపటికి పాట ఆగిపోతోందా? బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే ప్లేయర్‌ని చంపేస్తోంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మీ ప్లేయర్, అందులో బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ లేదా ‘నో రిస్ట్రిక్షన్స్’ ఎంచుకోండి. కొన్ని బ్రాండ్లలో ‘ఆటోస్టార్ట్’ అని ఇంకో మీట విడిగా ఉంటుంది, అదీ ఆన్ చేయాలి. సిస్టమ్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఈ రెండూ మొదటికొచ్చే అవకాశముంది, మళ్లీ పాట ఆగడం మొదలైతే ముందు అక్కడే చూడండి.